పారబోయాల్సిన తొలిధార

మా ఆవిడ సారా కాస్తుంది.

ఈ మాట నర్సీపట్నం బస్టాండులో గట్టిగా అంటే ఏమవుతుందో నాకు తెలుసు. అరటిపళ్ల బండి దగ్గర బేరం ఆగిపోతుంది. కదలబోతున్న తుని బస్సు ఇంకో నిమిషం ఆగుతుంది. చెప్పులు కుట్టే అతను పళ్ల మధ్య పెట్టుకున్న మేకును మింగబోయి తమాయించుకుంటాడు. అందరి చెవులూ నావైపు తిరిగాక గొంతు తగ్గించి, ‘లైసెన్సు ఉందిలెండి’ అనేవాణ్ని. ఆ రెండు మాటల మధ్య దొరికే నిశ్శబ్దం కోసం నేను ఎన్ని బస్సులు వదులుకున్నానో లెక్కలేదు.

ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను. సిగ్గు. ఆవిడ చేసే పనికి కాదు, నేను చేసిన పనికి. అది రాయాలని ఏడాదిగా అనుకుంటూ, దాని బదులు కోతుల మీదా కరెంటు కోత మీదా తమాషా వ్యాసాలు రాసి తప్పించుకుంటున్నాను.

ఊళ్లో నాకు బీమా ఏజెంటుగా కొంత, హాస్యం రాసేవాడిగా మరికొంత పేరు. రెండింటికీ ఒకటే విద్య కావాలి, ఉన్నదాన్ని ఊది పెద్దది చేయడం. ఒకసారి మా పెరట్లో కాసిన ఆనపకాయ గురించి టీకొట్టు దగ్గర చెప్పాను. చూడటానికి నలుగురు వచ్చారు. వచ్చి, ఆనపకాయ పక్కనే నిలబడి, ‘ఏదండీ ఆనపకాయ?’ అని అడిగారు.

కృష్ణదేవిపేట రోడ్డులో మా ఆవిడకి వాళ్లమ్మ రాసిచ్చిన జీడిమామిడి తోట ఉంది. నాలుగెకరాలు. నేను నలభై అని చెప్పిన చోట్లు కూడా ఉన్నాయి. దాని సాగంతా ఆవిడదే. ఎరువు, పురుగుమందు, కలుపు, కాపలా, కోతకి కూలీలను పిలవడం అన్నీ ఆవిడే చూసుకుంటుంది. నా వంతు, కోతల రోజుల్లో తోటకి వెళ్లి చెట్టు కింద కుర్చీ వేసుకుని, ‘ఆ కొమ్మ చూడండి’ అనడం.

జీడిమామిడి పండు కింద పిక్క వేలాడుతుంది. షావుకార్లు కొనేది పిక్కనే. పండును మెలితిప్పి, పిక్క గంపలో వేసి, పండు నేల మీద పారేస్తారు. తింటే గొంతు పట్టేసే వగరు, ఒక్కరోజు ఆగితే కుళ్లు. అందుకని ఎండాకాలమంతా తోటలన్నీ పుల్లటి వాసనతో, జిల్లాలో ఉన్న ఈగలన్నీ పెళ్లికి వచ్చినట్టు ఉంటాయి. అన్ని తోటల్లోనూ అంతే. మాకు అది కొత్త కాదు.

ఒక కోతకి ఆవిడ రాలిన పళ్ల మధ్య గంప పట్టుకుని చాలాసేపు నిలబడింది.

“ఏటండీ, ఇంత ఎండలో ఈ సెట్టు ఇంత పండు కాస్తంటే, మనం పిక్కట్టుకుని పోతన్నాం. ఆ పండేటి పాపం సేసింది?”

నేను ఆ రాత్రికి రాత్రే పండు తరఫున ఒక వ్యాసం రాశాను. చాలా కన్నీళ్లతో కూడిన వ్యాసం. ఆవిడ గోవాకి రైలు టిక్కెట్టు తీయించుకుంది.

అక్కడ జీడిపండు రసంతో సారా కాచే ఒక రైతు కుటుంబం దగ్గర పదిహేను రోజులు ఉంది. వాళ్ల భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష వాళ్లకి రాదు. ముక్కుతో నేర్చుకుని వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక నోటుపుస్తకం తెచ్చింది. దాని మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక్కటే రాసుంది: ‘మొదట వచ్చే ధార పారబొయ్యాలి. మనిషి తాగకూడదు.’

తర్వాత మూడేళ్లు అనుమతుల కోసం తిరిగాం. ఆవిడ తిరిగింది, నేను పక్కన ఉన్నాను అంటే సరిగ్గా ఉంటుంది. పొలం ఆవిడది, దరఖాస్తు ఆవిడది, సంతకం ఆవిడది. కానీ ఏ ఆఫీసుకి వెళ్లినా బల్లకి అవతలి మనిషి నా మొహం చూసే అడిగేవాడు, ‘బట్టీ ఎన్ని లీటర్లండీ?’ అని. ‘ఆవిణ్ని అడగండి’ అనడానికి రెండు మాటలు చాలు. మూడేళ్లలో ఆ రెండు మాటలు నా నోటివెంట రాలేదు. ఒకటే కుర్చీ ఉంటే నేనే కూర్చునేవాణ్ని. “రెండు వేలు” అనేవాణ్ని ఠీవిగా. వెనక నిలబడ్డ ఆవిడ, “రెండొందలండి” అని సర్దేది. ఆయన నవ్వి, నన్ను చూసే రెండొందలు రాసుకునేవాడు.

అన్ని ఆఫీసుల కంటే కష్టమైనది మా ఊరి సభ. ఊళ్లో మహిళా సంఘం గట్టిది. సారాకి మొగుళ్ల జీతాలు పోగొట్టుకున్నవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు అందులో. సంఘం పెద్ద ఒక రైసుమిల్లు యజమాని భార్య. మా ఆవిడ ఆమెను అప్పా అని పిలుస్తుంది, అంటే అక్క. ఆమె మా ఆవిణ్ని సెల్లీ అంటుంది. ఆ రోజు మాత్రం ఆ వరసలేవీ పనిచేయలేదు.

“మేం సీపుర్లట్టుకుని తరిమిన దాన్ని నువ్వు బోర్డెట్టి కాస్తానంటావేటి సెల్లీ? ఆడదానివి, నీకిదేం బుద్ధి?”

మా ఆవిడ నిలబడింది. నాలాగా సభలకి అలవాటైన మనిషి కాదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది.

“ఇది మన మగోళ్లకి కాదప్పా. సీసాల్లో లేబులెట్టి ఇశాపట్నం ఎల్తాది. మీ తోటల్లో కుల్లిపోయే పళ్లు నాను కొంటాను. లేబులు నేకుండా ఒక్క సుక్క నా గేటు దాటదు. నా బట్టీ వల్ల ఈ ఊళ్లో ఒక్క మడిసికి కీడు జరిగితే, నానే గునపమట్టుకుని నా సేతుల్తో బట్టీ పగలగొడతాను. మీరొచ్చి సూడండి.”

సభ ఒప్పుకుంది. ఆ మాట సభ పుస్తకంలో రాశారు. ఆవిడ కింద సంతకం పెట్టింది. నేను చప్పట్లు కొట్టాను, అందరికంటే గట్టిగా.

రాగి బట్టీ వచ్చిన రోజు ఊరంతా చూడటానికి వచ్చింది. గుండ్రంగా, పొడుగు మెడతో, గర్భిణిలా ఉందని ఆడవాళ్లన్నారు. దాని కింద మంట చూడటానికి ఆవిడ మన్యం పైనుంచి ఒక పెద్దాయనను తెచ్చింది. ఆయనను మేమంతా తాత అంటాం. మంట ఎంత ఉండాలో కట్టెను చేత్తో తూచి చెప్పగలడు. థర్మామీటరు ఆయన చెప్పాక చూసి అవునంటుంది. పులిసిన పళ్ల రసాన్ని ఊట అంటారు. ఆ ఊట కాగి, ఆవిరి గొట్టంలోంచి దిగి, చల్లారి మొదట వచ్చే ధార దగ్గర ముక్కు పెడితే రంగుడబ్బా మూత తీసినట్టు ఉంటుంది. అది తాగితే తల పగిలిపోతుంది, కడుపు తిప్పుతుంది, మోతాదు మించితే కళ్లకే ముప్పు. తాత దాన్ని ఒక సత్తుచెంబులో వేరుగా పట్టి, షెడ్డు వెనక గుంటలో పోసి, “మా తాతలకి” అనేవాడు. కొండ మీద మొదటి ధార పోయినవాళ్ల వాటా అట. ఎర్ర సిరాదీ ఆయనదీ లెక్క ఒకటే, అది మనిషి నోటికి కాదు.

మా పల్లం వాళ్ల ఆచారం దీనికి సరిగ్గా తిరగేసి ఉండేది. పాత నాటుబట్టీల కాలంలో తొలిధార అంటే అన్నిటికంటే ఘాటైనది, అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనేది. కాబట్టి అది పెద్దమనుషులది. మునసబుగారికి, పిల్లనిచ్చిన మామగారికి, పనిపడ్డ పోలీసాయనకి. మిగిలింది కూలీలకి. మర్నాడు కూలీలు పనికి వెళ్లేవారు, పెద్దమనుషులు తలకి తడిగుడ్డ చుట్టుకుని మంచం మీద మూలుగుతూ, ‘అబ్బ, ఏం సరుకు!’ అనేవారు. మా ఊళ్ల పెద్దరికమంతా ఆ తలనొప్పి మీదే నిలబడి ఉండేది. ఈ జ్ఞానం నాకు మా మేనమామల దగ్గర్నుంచి వచ్చింది. మొదటి పేజీలో ఎర్ర సిరా నేనూ చూశాను. ఆడవాళ్ల జాగ్రత్త అనుకున్నాను.

మొదటి కోతకే సీసాలు పరీక్షలో నెగ్గాయి. విశాఖపట్నంలో ఒక హోటలు వాళ్లు ఆర్డరిచ్చారు. ఊళ్లో అందరూ నాకు దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరు అభినందించినా, ‘ఆవిడ కష్టం’ అనకుండా, ‘ఏదో, అలా కుదిరింది’ అని కళ్లు దించుకునేవాణ్ని. వినయం కూడా నేను పెద్దదిగానే చేస్తాను.

నాకు ఇద్దరు పాత స్నేహితులున్నారు. ఒకడు ఆ రైసుమిల్లు యజమానే, సంఘం పెద్ద భర్త. ఇంకొకాయన రిటైరైన హెడ్మాస్టరు. ఒక సాయంత్రం మిల్లు అరుగు మీద కూర్చుని ఉన్నాం.

“ఏరా, ఇశాపట్నం తాగుతుంది, మేం మాత్రం పొగ సూసి బతకాలా?” అన్నాడు మిల్లువాడు.

“లేబుల్ లేకుండా బయటికి రాదురా. రూలు.”

“రూలు పెట్టిందెవరు? యజమానివి నువ్వు గదా, ఓ సీసా తేలేవా?”

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు, “యజమాని ఎవడయ్యా? బోర్డు చదివావా? పాతికేళ్లు పిల్లలకి చదువు చెప్పాను, నాకు చదవడం వచ్చు. ఈయన యజమానురాలి మొగుడు.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను, దవడ నొప్పి పుట్టింది.

మర్నాడు ఆవిడ పక్క తోటల్లో పళ్లు కొనడానికి వెళ్లినప్పుడు షెడ్డులోకి వెళ్లాను. సీసాల్లోకి వెళ్లే సరుకు ప్రతి చుక్కా రిజిస్టరులో ఉంటుంది, దాని జోలికి పోలేను. గుంటలోకి పోయేదానికి రిజిస్టరు లేదు. పైగా అది తొలిధార, పెద్దమనుషుల వాటా. నా మేనమామలంతా వరసగా నిలబడి తలూపారు.

“తాతా, తొలిధార గుంటలో పొయ్యకు. ఈ సీసాలో పట్టి నాకియ్యి. అమ్మగారు అడిగారు.”

తాత చెంబు పట్టుకుని ఆగాడు. “అమ్మగారా? ఎందుకు బాబూ?”

“పరీక్షకి.”

ఆయన ఇంకేమీ అడగలేదు. జాగ్రత్తగా, ఒక్క చుక్క ఒలకకుండా పట్టి ఇచ్చాడు. మూడు రోజులు అలా పట్టించి తీసుకున్నాను. మూడు రోజులూ అదే అబద్ధం. ఆదివారం మధ్యాహ్నానికి సీసా నిండింది. దానికి ఒక పేరు కూడా పెట్టాను: యజమాని వాటా.

మిల్లు వెనక గదిలో ముగ్గురం కూర్చున్నాం. నాకు అసిడిటీ ఉంది కాబట్టి నేను తాగలేదు, మాట్లాడాను. ఈ సీసాలో మూడు వందల చెట్ల ప్రాణం ఉందన్నాను. గోవాలో దీనికోసం విమానాల్లో వస్తారన్నాను. చెంచాలో కొంచెం పోసి అగ్గిపుల్ల గీస్తే నీలం మంట లేచింది. “ఇదిరా! మా మావ కాలం నాటి ఘాటు!” అని మిల్లువాడు లేచి నిలబడ్డాడు. మాస్టారు కళ్లు మూసుకుని, “ఒప్పుకున్నాం, యజమానే” అన్నాడు. ఆ మాట కోసమే కదా ఇదంతా. నాకు కడుపు నిండిపోయింది.

సాయంత్రానికి ఇద్దరికీ వాంతులు. మాస్టారికి తల గోడకి కొట్టుకోవాలనిపించేంత పోటు. మిల్లువాడికి దీపం చుట్టూ పొగ కనిపిస్తోందట, మనిషి మొహం ఆనడం లేదట. ఇద్దరినీ నర్సీపట్నం ఆసుపత్రిలో చేర్చి సెలైను పెట్టారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. వెళ్లి, మంచం పక్కన వంగి, మొట్టమొదట అడిగినది ‘ఎలా ఉందిరా’ అని కాదు.

“నా పేరు చెప్పకండిరా. చెబితే ఆవిడ లైసెన్సు పోతుంది.”

కళ్లు సరిగ్గా కనిపించని మనిషి నా చెయ్యి తడిమి పట్టుకుని, “సెప్పంలే, నువ్వు బెంగెట్టుకోకు” అన్నాడు. ఎవరో గేటు దగ్గర అమ్మారని చెప్పారు ఇద్దరూ. రెండో రోజుకి మాస్టారు, మూడో రోజుకి మిల్లువాడు కోలుకున్నారు. చూపు తిరిగొచ్చింది. రాకపోయి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నాకు చెయ్యి ఉండేది కాదనుకుంటాను. ఇది ఊది చెప్పడం కాదు.

సోమవారం పొద్దున్న పది గంటలకి సంఘం ఆడవాళ్లంతా గేటు ముందున్నారు. ముందు అప్ప. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్న మనిషి, జుట్టు రేగిపోయి ఉంది.

“సభలో ఏటి సెప్పేవు సెల్లీ? మాటుందా, మింగీసినావా?”

“మాటుందప్పా. గునపం కూడా ఉంది.” మా ఆవిడ గేటు పూర్తిగా తెరిచింది. “ముందు ఎలగెల్లిందో సూడనీ.”

అందరి ముందూ రిజిస్టరు తీసింది. సీసాలు లెక్కపెట్టించింది. ఒక్కటీ తగ్గలేదు. అప్పుడు ఆగి, తాత వైపు తిరిగింది.

“తాతా, తొలిధార గుంటలో పోసేవా?”

తాత ఒక్క క్షణం నావైపు చూశాడు. నేను ఆ క్షణాన్ని పెద్దది చేయనక్కర్లేదు, అదే పెద్దదైపోయింది.

“మూడు దినాలు పొయ్యనేదమ్మా.”

“ఎవరికిచ్చేవు?”

ఆయన తల దించుకున్నాడు. “నాదే తప్పు తల్లీ.”

ఆడవాళ్లు గొల్లుమన్నారు. డబ్బులకి అమ్ముకున్నాడని ఒకరు, ముందే చెప్పామని ఒకరు. మా ఆవిడ నమ్మలేనట్టు చూస్తోంది. నేను అక్కడే, ఆయనకి రెండు గజాల దూరంలో ఉన్నాను. నా నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చిన మాట ఇది:

“పెద్దవాడు గదా, మర్చిపోయి ఎవరికో ఇచ్చేసుంటాడు. వదిలెయ్యండి.”

తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గేటు దాటి, రోడ్డు ఎక్కి, షేరు ఆటో వచ్చేదాకా ఎండలో నిలబడి ఎక్కాడు. సంఘం వాళ్లు షెడ్డుకి తమ తాళం వేశారు. శుక్రవారం సభ. ఆ రోజు అందరి ముందూ బట్టీ పగలాలి.

ఆ మూడు రోజులూ ఆవిడ సరిగ్గా తినలేదు. కొన్న పళ్లు ఇంటి వరండాలో కుళ్లుతున్నాయి. వాసన ఇంటి నిండా. “ఆ తాత అబద్దమాడడండీ,” అంది రెండుసార్లు. “ఎవర్నో కాస్తన్నాడు. ఎవర్నంటారు?” నేను ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను గురించి ఏదో అన్నాను.

గురువారం ఉదయం నేను తాత ఊరికి బయల్దేరాను. క్షమాపణ అడగడానికని రాసేద్దామని చాలా అనిపిస్తోంది. కాదు. సభకి ఆయన్ని పిలిస్తే ఎక్కడ నోరు జారుతాడో అని, జారవద్దని చెప్పుకోవడానికి. ఆటో దిగి కొండదారిలో గంట నడిచాను. ఆయన ఇంటి ముందు విస్తళ్లు కుట్టే అడ్డాకులు ఆరబెడుతున్నాడు. నన్ను చూసి నులకమంచం వాల్చాడు, మంచినీళ్లిచ్చాడు. నేను ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే ఆయనే అన్నాడు:

“బాబూ, నాను అమ్మగారి పేరెత్తను. మీరు దిగులెట్టుకోకండి.”

“అమ్మగారి పేరా?”

“పరీచ్చకని అడిగించేరు గదా ఆయమ్మ. అదెలగో బయటికెల్లిపోనాది. ఆయమ్మే అడిగిందని ఆడోళ్లకి తెలిస్తే ఊరుకుంటారేటి? సభలో మాటిచ్చిన మడిసి. నాకేటి, కొండోణ్ని, నాలుగు తిట్లు పడతాను. ఆయమ్మ మాట పోకూడదు.”

తాగుతున్న నీళ్లు కింద పెట్టేశాను. మూడు రోజులుగా ఆయన నన్ను కాస్తున్నాడనుకున్నాను. కాస్తే, పెద్దమనిషిని కనుక కాస్తున్నాడనుకున్నాను. ఆయన లెక్కలో నేను లేనే లేను. నా అబద్ధాన్ని నిజమని నమ్మి, దాన్నుంచి ఆవిణ్ని తప్పించడానికి దొంగ పేరు మోసుకుని ఇంటికొచ్చి కూర్చున్నాడు.

అక్కడే చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు ఆకులు తిరగేశాడు. చివరికి, “మరైతే అమ్మగారికి తెలీదన్నమాట” అన్నాడు. అంతే. ఆ మాటలో ఎంత తేలికపడ్డాడో ఆయన మొహం చెప్పింది.

నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ పెరట్లో ఊట వడకట్టే గుడ్డలు ఉతుకుతోంది. ఉతికినవే మళ్లీ ఉతుకుతోంది. నేను చుట్టూ తిప్పి మొదలుపెట్టాను. మేనమామలు, ఆచారం, స్నేహితుల పోరు. ఆవిడ మధ్యలో ఆపింది.

“మీరిచ్చేరా?”

“నేనే.”

“తాతని ఏటని అడిగేరు?”

“నువ్వు అడిగావని.”

ఆవిడ చేతిలో గుడ్డ బకెట్లోకి జారింది.

“ఆపీసుల్లో కుర్సీ మీద మీరు కూసుంటే ఊరుకున్నాను. మొగుడు ముచ్చట, పోనీలే అనుకున్నాను. రెండొందల్ని రెండు వేలంటే నవ్వుకున్నాను. నా నోటితో కూడా మీరే మాటాడతారా?”

ఆవిడ గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

“రేపు సభలో సెప్పండి. ఉన్నదున్నట్టు. ఒక్క మాట ఎక్కువొద్దు, నవ్వించొద్దు.”

శుక్రవారం సభలో నేను లేచి నిలబడగానే నలుగురు నవ్వడం మొదలుపెట్టారు. ఇంతకాలం నేను లేచినప్పుడల్లా నవ్వించాను కదా. “తొలిధార తాత అమ్మలేదు. మా ఆవిడ అడిగిందని అబద్ధం చెప్పి నేనే తీసుకున్నాను” అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. నా తమాషాలో ఇదొకటనుకున్నారు. రెండోసారి చెప్పాను. మూడోసారికి నవ్వు ఆగింది. మిల్లువాడు, మాస్టారు ఒకే బల్ల మీద కూర్చుని నేల చూస్తున్నారు. “నేనే ఇద్దరికీ పోశాను. తాతను అందరూ తిడుతుంటే ఊరుకున్నాను.” కూర్చున్నాను. మొత్తం నిమిషం కూడా పట్టలేదు.

మా ఆవిడ గునపం తెచ్చి అప్ప ముందు పెట్టింది. “కీడు జరిగింది. మాట మాటే. తాళం తియ్యండప్పా.”

అప్ప గునపం తీసుకుని బరువు చూసింది. ముందు నన్ను చూసింది, తర్వాత వాళ్లాయనను.

“సెల్లీ, నువ్వు సభలో అన్నది నీ బట్టీ వల్ల కీడు జరిగితే అని. నువ్వు పారబొయ్యమన్నదాన్ని, పెద్దమడుసుల వాటా అని ఈల్లు తాగీసినారు. దానికి బట్టీ ఏటి సేసింది? పగలగొడితే ఈల్ల బుద్ది పగలగొట్టాల. దానికి ఈ గునపం సాలదు.”

ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. సభంతా నవ్వింది. ఆ నవ్వు నేను పుట్టించినది కాదు, నా మీదది.

తీర్మానం రాశారు. ఇకనుంచి తొలిధార గుంటలో పోసేటప్పుడు సంఘం నుంచి ఒకరు ఎదురుగా ఉండి సంతకం పెట్టాలి. తాతను మళ్లీ పిలవాలి. మూడోది అప్ప చెప్పి రాయించింది: “యజమానురాలి భర్త గేటు లోపలికి రాకూడదు.” రాసేవాడు కలం ఎత్తి మా ఆవిణ్ని చూశాడు. ఈసారి నన్ను కాదు. ఆవిడ రాయమని తలూపింది.

తాతను తీసుకురావడానికి ఆవిడే వెళ్లింది. నేనూ వస్తానన్నాను. “వద్దు” అంది. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చింది, ఒంటరిగా. ఆయన రెండు రోజులు ఆలోచించుకుని, మూడో రోజు తనంతట తానే వచ్చాడు. మంట పెట్టే ముందు అందరి ముందూ ఆవిడ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టిందట. అది నేను చూడలేదు. గేటు బయట ఉన్నాను.

మళ్లీ కోతలొచ్చాయి. చుట్టుపక్కల తోటల పళ్లన్నీ ఇప్పుడు ఆవిడ షెడ్డుకే వస్తున్నాయి. సంఘంలో ఆరుగురు అక్కడే పనిచేస్తున్నారు. నేను రోజూ ఒంటిగంటకి క్యారేజీ తీసుకెళ్తాను. వంట నాదే, ఎవరూ అడగలేదు, నేనే మొదలుపెట్టాను. గేటు దగ్గర స్కూటరు ఆపి హారను కొడితే ఎవరో ఒకరు వచ్చి అందుకుంటారు. అప్పుడప్పుడు కొత్త బేరగాళ్లు కారు దిగి, నన్ను చూసి, ‘ఓనరుగారు మీరేనా?’ అని అడుగుతారు. లోపలికి చూపించి, “ఆవిణ్ని అడగండి” అంటాను. రెండు మాటలే. ఇప్పటికీ గొంతులో ఒకసారి తగులుకుని వస్తాయి.

నిన్న తాత వచ్చాడు క్యారేజీకి.

“ఎండలో నిలబడిపోనారేటి బాబూ? లోపల సెట్టు నీడుంది, రండి” అన్నాడు, మామూలుగా.

లోపల సంఘం తరఫున సంతకానికి కూర్చున్నామె, తీర్మానం గుర్తుచేస్తున్నట్టు దగ్గింది.

“ఇక్కడ బాగానే ఉంది తాతా” అన్నాను.

ఆయన క్యారేజీ కింద పెట్టి, తువ్వాలు తీసి నాకిచ్చాడు. నేను తల తుడుచుకుని, మడతపెట్టి తిరిగిచ్చాను. ఆయన క్యారేజీ తీసుకుని, గేటు వేసుకుని లోపలికి వెళ్లాడు. షెడ్డులోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది, ఎవరికో కొలత చెబుతోంది. “రెండొందలు,” అంటోంది. “సరిగ్గా రెండొందలు.”